సెలవు పద్యానికి వన్స్‌మోర్

ఈ మధ్య నా దగ్గరికి వచ్చే పిల్లలంతా ఒకటే ప్రశ్న పట్టుకొస్తున్నారు. యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి వచ్చి, ఫోను నా మూతి ముందు పెట్టి, "నాటకం గొప్పదా, ఆ నాటకాన్ని పెట్టి తీసిన సినిమా గొప్పదా చెప్పండమ్మా" అంది. మొన్న ఇంకో అబ్బాయి వచ్చాడు. అతనికీ అదే కావాలి. నాకు ఓపిక తగ్గిపోయింది. ఏదో ఒకటి గొప్పదంటే రెండో దాని తాలూకు వాళ్ళు మొహం ముడుచుకుంటారు. రెండూ గొప్పవే అంటే వినడానికి బాగుంటుంది గానీ నాకు నిద్ర పట్టదు. ఒకసారి రాసి పడేస్తే వచ్చిన వాళ్ళందరికీ ఈ కాగితాలు చేతిలో పెట్టి నా మానాన నేను పడుకోవచ్చని కూర్చున్నాను.

నేను పద్యనాటకాల్లో రాణి వేషం వేసేదాన్ని. అరవైల చివర్లో మాట. నాటకం పేరు చెప్పను. చెబితే ఏ సినిమానో మీకు తెలిసిపోతుంది, ఇక నా మాట పక్కన పెట్టి ఫోనులో అది వెతుక్కుంటారు. రాజ్యం పోగొట్టుకున్న రాజు కథ అనుకోండి. మనుషుల పేర్లు కూడా చెప్పను. ఉన్నవాళ్ళు తక్కువ, పోయినవాళ్ళ పిల్లలు ఎక్కువ.

మా రాజుది పొందూరు. నాటకం లేని రోజుల్లో మగ్గం మీద కూర్చునేవాడు, నాటకం ఉన్న రోజున కిరీటం పెట్టుకునేవాడు. సన్న ఖద్దరు పంచె తప్ప ఇంకోటి కట్టగా నేను చూడలేదు. వేషంలో ఉన్నంతసేపూ ఆయన్ని నాథా అనేదాన్ని, ముఖానికి రంగు కడుక్కోగానే అన్నా అనేదాన్ని. ఆయన నన్ను సెల్లీ అనేవాడు. మా నాటకాల వాళ్ళందరిలో ఉన్న పద్ధతే అది. బయటివాళ్ళకి నవ్వులాటగా ఉండేది గానీ, ఊళ్ళు పట్టుకు తిరిగే ఆడదానికి ఆ పిలుపు ఎంత అవసరమో మాకు తెలుసు.

మాతో ఉండే ఇంకో మనిషి హార్మోనీ మాస్టారు. విజయనగరం ఆయనది. మా అందరికంటే పెద్దవాడు, నాటకాలు ఒప్పుకోవడం, మమ్మల్ని పోగు చెయ్యడం, అలిగినవాళ్ళని బుజ్జగించడం అన్నీ ఆయన పనే. రాజుని ఒరే అని పిలిచే హక్కు లోకంలో ఆయన ఒక్కడికే ఉండేది.

మీరు పద్యనాటకం చూసి ఉండరు కాబట్టి ఒక్క సంగతి చెప్పాలి. నాలుగు పాదాల పద్యం చదవడానికి ఎంతసేపు పడుతుంది? మా రాజు పాడితే మీరు ఇంటికెళ్ళి అన్నం తిని రావచ్చు. చివరి అక్షరం పట్టుకుని రాగం ఎత్తుకుంటే ఎటు పోతాడో ఆయనకే తెలిసేది కాదు. మాస్టారు హార్మోనీ పెట్టుకుని ఆయన వెనకే పరిగెత్తేవాడు, ఎక్కడెక్కడో తిరిగి ఇద్దరూ కలిసి దిగేవారు. దిగగానే జనంలోంచి 'వన్స్‌మోర్' అని కేక లేచేది. ఇంగ్లీషు ముక్క రానివాళ్ళకి కూడా ఆ ఒక్క మాట వచ్చు. అప్పుడు రాజ్యం పోయిన రాజు, ఏడుస్తున్న రాణిని అలాగే వదిలేసి, జనానికి దణ్ణం పెట్టి, మళ్ళీ మొదటి నుంచి అందుకునేవాడు. రెండోసారి రాగం మొదటిసారిలా ఉండేది కాదు. ముందు వరసలో తలలు ఎటు ఊగుతున్నాయో చూసుకుని అటు వెళ్ళేవాడు.

అన్నిటికంటే ఎక్కువ వన్స్‌మోర్లు పడేది సెలవు పద్యానికి. రాజు అడవిలో రాణితో, నువ్వు పుట్టింటికి వెళ్ళిపో అని చెప్పే పద్యం. శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల ఆ పద్యం అంటే మా రాజే.

ఆ సేపంతా రాణి ఏం చేసేదంటారా? పక్క తెర వైపు తిరిగి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడేదాన్ని. జనం లెక్కలో నేను ఏడుస్తున్నట్టు. తెర వెనక నుంచి సోడా అందిస్తే కొంగు చాటున తాగేదాన్ని. పెట్రోమాక్సు లైటు చుట్టూ తిరిగే పురుగుల్ని చూసేదాన్ని. కాళ్ళు లాగితే బరువు ఇటు నుంచి అటు మార్చుకునేదాన్ని. ఆ పద్యం ఎవరితో చెబుతున్నాడో ఆవిడ ముఖం చూడాలని ఏ ఊళ్ళోనూ ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

అలాంటి రోజుల్లో మా నాటకాన్ని సినిమా తీశారు. ముందు పద్యాలు రేడియోలో వచ్చాయి, తర్వాత బొమ్మ ఊరూరా వచ్చింది. ఏటేటా మమ్మల్ని పిలిచే ఊళ్ళవాళ్ళు, "సినిమా సూసీసినాం కదమ్మా, మరెందుకూ" అనడం మొదలుపెట్టారు. దానికి తోడు ఆ సంవత్సరం కొండల వైపు నక్సలైట్ల గొడవలు. రాత్రిపూట నలుగురు పోగైతే పోలీసులు వచ్చి ఎవరు, ఎందుకు అని ఆరా తీసేవారు. రాత్రి జనం లేకపోతే మాకు బతుకేముంది? మగ్గం ఉన్నవాడు మగ్గం మీద కూర్చున్నాడు. నాకు అదీ లేదు.

మిగిలింది రాజాం. అక్కడ ధాన్యం వర్తకుల పండగకి ప్రతి ఏడూ మా నాటకమే. సంఘానికి పెద్ద ఒక రైసుమిల్లు ఆసామి. మంచివాడు, ఆ మాట ముందే చెబుతున్నాను. మాస్టారు, రాజు, నేను మిల్లుకి వెళితే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు.

"ఈ ఏడూ మీదే మాస్టారూ. అందులో మాట నేదు. కానీ జనం సినిమా సూసినారు. మరా లెక్కనే ఆడాల."

"ఆ లెక్కనంటే?" అన్నాడు మాస్టారు.

"రెండున్నర గంటల్లో అయిపోవాల. సినిమాలో పద్యం ఎంతుంటే అంతే, వరస కూడా అదే. రాగాలొద్దు. రాత్రి ఆటయితే పోలీసులొచ్చి కూకుంటారు, అంచేత మధ్యాన్నం ఆట. సినిమా హాలు మాటాడీసినాను. మాట్నీ టైముకి తెర ముందర మీరు ఆడుకోండి."

రాజు తాగుతున్న గ్లాసు కింద పెట్టాడు. "రాగం వద్దంటే నన్నెందుకు పిలవడం బాబూ? ఆ సినిమా రీళ్ళ పెట్టే ఇంకోపాలి తెప్పించుకోండి" అన్నాడు.

ఆసామికి కోపం రాలేదు. "అలగకు. రాజాంలో బాగుందంటే సుట్టుపక్కల ఊళ్ళన్నీ మిమ్మల్ని పిలుస్తాయి. బాగోనేదంటే పిలవ్వు. నాను సెప్పాలా ఏటి? ఇంకా ఆ బొమ్మ మా ఊరి హాల్లోనే ఉన్నాది. ఈ వేళ మాట్నీకి ఎల్లి ఓపాలి సూసి రండి" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. రాజాం దారి పట్టే ఊళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ ఆట నిలబడితే మా బృందం నిలబడుతుంది, లేకపోతే ఆ ఏటితో సరి. వెళ్ళి సినిమా చూశాం. ముగ్గురం కుర్చీ తరగతిలో కూర్చున్నాం. రాజు వస్తున్నాడని తెలిసి గేటు దగ్గర మనిషి లేచి నిలబడ్డాడు. ఆ మర్యాద అప్పటికింకా ఉంది.

సెలవు పద్యం వచ్చింది. తెర మీద రాజుకి పాడిన గొంతు ఎవరిదోగానీ వంక పెట్టడానికి లేదు. మొదటి పాదం దగ్గర రాజు కనబడ్డాడు. రెండో పాదానికి రాజు లేడు, తెర నిండా రాణి ముఖం. పద్యం వినిపిస్తూనే ఉంది, ఆవిడ వింటోంది. ఇంకేమీ చెయ్యడం లేదు. చివరి పాదం దగ్గర కంట్లో నీరు నిండి ముక్కుపుడక పక్కగా జారింది. ఇన్నేళ్ళు నేను నిలబడింది ఆ చోటే కదా. ఆ పద్యం వినడం కూడా ఒక పనేనని, అది రాణి పని అని నాకెవరూ చెప్పలేదు.

పద్యం అవగానే నేల తరగతిలోంచి ఒక ముసలాయన వన్స్‌మోర్ అని అరిచాడు. సినిమా ఆగలేదు. రాణి మాట్లాడటం మొదలెట్టింది. ముసలాయన మళ్ళీ అరిచాడు.

"ఊరుకోవయ్యా, మాటలు ఇనపడ్డం నేదు" అని చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని కసిరారు.

తర్వాత గేటు మనిషి చెప్పాడు. మొదట్లో హాలంతా అరిచేవారట. ఆపరేటరు రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేసేవాడట. ఒకరోజు అలా తిప్పుతుంటే రీలు తెగింది, యజమాని గోల పెట్టాడు, అప్పటి నుంచి ఎంత అరిచినా వినిపించుకోవడం లేదు. జనం కూడా అరవడం మానేశారు. ఆ ముసలాయనకి ఇంకా తెలియలేదంతే.

బయటికి వచ్చాక, "ఇంకోపాలి సూద్దాం" అన్నాడు రాజు. మాస్టారు తల పట్టుకున్నాడు. మళ్ళీ సాయంత్రం మొదటి ఆటకి కూర్చున్నాం. సెలవు పద్యం అవగానే రాజు నా వైపు వంగి, "ఈపాలి కూడా అక్కడే ఏడిసింది సెల్లీ. ముక్కుపుడక పక్కనే" అన్నాడు.

"మరెక్కడ ఏడుస్తాది అన్నా, బొమ్మ కదా."

"అదే సెప్తన్నాను."

ఆట అయ్యాక టీకొట్టు దగ్గర కూర్చున్నాం. గ్లాసులో టీ చల్లారిపోయాక రాజు, "బాగా తీసినారు, అబద్ధం ఎందుకు? అంత సన్నగా పాడితే ఏటి తగులుతాది అనుకున్నాను. తగిలింది. ఆళ్ళు సెయ్యవలసింది ఆళ్ళు సేసినారు. మనల్ని కూడా అదే సెయ్యమంటే ఎలాగ?" అన్నాడు.

"ఒరే, ఈ ఏడు గట్టెక్కనీరా. వచ్చే ఏడు నీ రాగం నువ్వు తీసుకుందువు గాని" అన్నాడు మాస్టారు.

నాకు మాత్రం లోపల హుషారుగా ఉంది. కొంగు తీసి జనం వైపు తిరిగి నిలబడాలని ఉంది. ఆయన గొంతులోంచి ఏదో ఊడబెరుకుతున్నారని తెలుసు, అయినా నా హుషారు నాది.

రిహార్సళ్ళు మాస్టారింటి వసారాలో జరిగాయి. సినిమా వరస నేర్చుకోవడం రాజుకి ఎంత పని? ఒక్కసారి వింటే పట్టేశాడు. చేతకానిదల్లా ఆగడం. చివరి అక్షరం దగ్గర గొంతు ఆపేవాడు, కుడి చెయ్యి మాత్రం అలవాటు చొప్పున పైకి లేచేది. లేచి అక్కడే ఉండిపోయేది. మాస్టారి వేళ్ళు కూడా మెట్ల మీద ముందుకు పోబోయి వెనక్కి వచ్చేవి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్ళీ మొదలుపెట్టేవారు. చూడటానికి నాకే కష్టంగా ఉండేది.

ఆట రోజు ఎండ మండిపోతోంది. హాలు నిండిపోయింది, బయట కూడా జనం. తెర ముందున్న అరుగు మీద అడ్డంగా నడిస్తే నాలుగడుగులు కూడా లేవు. వెనకంతా తెల్ల తెర. ఆసామి రెండు పెద్ద లైట్లు మా మీదికి పెట్టించాడు. మేకప్పు అప్పుడే కారడం మొదలుపెట్టింది.

మూడో గంట కొట్టగానే హాలు మనిషి అలవాటు ప్రకారం లోపలి లైట్లన్నీ ఆర్పేశాడు.

ఇలా అవుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. బయట మైదానంలో పెట్రోమాక్సుల వెలుతురు జనం మీద కూడా పడేది. ముందు వరస పెద్దలు, తల ఊపేవాడు, చుట్ట కాల్చేవాడు, నిద్రపోయే పిల్లల్ని ఒళ్ళో వేసుకున్న ఆడవాళ్ళు, అందరూ మాకు కనిపించేవారు. ఇప్పుడు మా ముందు నల్లటి చీకటి. లైట్లు వెయ్యమని చెప్పడానికి ఎవరున్నారో ఎక్కడున్నారో కూడా తెలియదు. రాజు మొదటి పద్యం ఆ చీకటికి పాడాడు. చప్పుడు లేదు. రెండోది పాడాడు. లేదు.

ఇంటర్వెల్లో ఆసామి తెర పక్కకి పరిగెత్తుకొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "బెమ్మాండం బాబూ. ఒక్కడు మాటాడితే ఒట్టు. అచ్చం సినిమాని సూసినట్టే సూస్తన్నారు" అన్నాడు.

ఆయన వెళ్ళాక రాజు మంచినీళ్ళు తాగి, "ఉన్నారా?" అని అడిగాడు నన్ను.

"ఎవరన్నా?"

"జనం."

మాస్టారు బయటికి వెళ్ళి హాల్లో లైట్ల సంగతి కదపబోతే ఆసామి, "బాగా సాగతన్నాది, ఎందుకు సెడగొట్టడం" అన్నాడట. ఇంటర్వెల్ అయినట్టు గంట కొట్టారు. మళ్ళీ చీకటి.

సెలవు పద్యం వచ్చింది. నేను పక్కకి తిరగలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. జనం వైపు ముఖం పెట్టి నిలబడ్డాను. ఏడుపు అభినయిద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆయన ఎత్తుకున్నాడు. నువ్వు పుట్టింటికి వెళ్ళు, నా వెంట రాకు, నీకు ఇవ్వడానికి నా దగ్గర నీడ కూడా లేదు అని చెబుతున్నాడు. అన్నేళ్ళ నుంచీ ఆ మాటలు నాతోనే చెబుతున్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు.

చివరి అక్షరం పాడి ఆపాడు. చెయ్యి లేచింది. మాస్టారు శ్రుతి అలా పట్టుకుని ఉంచాడు. చీకట్లో ఎక్కడో ముక్కులు చీదుతున్నారు, ఆ సంగతి నాకు తెలుస్తోంది. అంటే వాళ్ళకి నచ్చింది. అప్పుడు నేల తరగతి వైపు నుంచి ఒక ముసలి గొంతు "వన్స్..." అంది.

"ష్, ఊరుకో. మాటలు ఇనపడవు" అన్నారు పక్కవాళ్ళు.

ఆ గొంతు ఆగిపోయింది. రాజు చెయ్యి ఇంకా పైనే ఉంది. నా మాట నేను చెప్పాలి, చెబితే ఆట ముందుకు పోతుంది. ఆయన్ని అలా చూడలేకపోయాను. ఏమనుకున్నానో ఏమో, రెండడుగులు ముందుకు వేసి, రాణి గొంతుతోనే, "నాథా, ఆ మాట మరొక్కసారి చెప్పండి" అన్నాను.

నాటకంలో అలాంటి మాట లేదు. మాస్టారు చటుక్కున తలెత్తాడు. వేళ్ళు సిద్ధంగా పెట్టుకున్నాడు.

రాజు నా వైపు తిరిగాడు. ఆ పద్యం దగ్గర ఆయన నా ముఖం చూడటం అదే మొదలు అనుకుంటాను, ఎప్పుడూ జనాన్నే చూసేవాడు. చెయ్యి మెల్లగా దించాడు.

"చాలు దేవీ" అన్నాడు.

హాలంతా చప్పట్లు. ఆ రోజంతటికీ చప్పట్లు పడింది ఆ ఒక్క మాటకే. నాటకంలో లేని మాటకి.

ఆట అయ్యాక ఆసామి మా మెడల్లో దండలు వేశాడు. "ఆ సాలు దేవీ అన్న మాట సినిమాలో నేదు. ఎక్కడ్నించి తెచ్చినావు బాబూ? అదిరిపోయింది" అన్నాడు. రాజు దణ్ణం పెట్టాడు.

బయటికి వస్తే ఇంకా ఎండే. రంగు కడుక్కుని, పగటి వెలుతురులో ఒకరి ముఖాలొకరు చూసుకోవడం మాకు అలవాటు లేదు. ఆయన నాకంటే చాలా పెద్దవాడని అప్పుడు తెలిసింది. బస్టాండులో పొందూరు వైపు బస్సు కోసం కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"నేనడిగితే ఎందుకు పాడలేదన్నా?"

"పాడదామనే అనిపించినాది. నువ్వు ఏడుస్తా అడిగినావు. పద్యం బాగుండి అడిగినావో, నా మీద జాలేసి అడిగినావో తెలవనేదు."

"బాగుండే అడిగాను. ఆ పద్యం నేను ఇయ్యాలే విన్నాను."

ఆయన ఆశ్చర్యపోయాడు. "మరిన్నేళ్ళూ పక్కన నిలబడి ఏటి సేసినావు?"

"సోడా తాగేదాన్ని."

ఒక్క క్షణం నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. బస్సు వస్తే నవ్వుతూనే ఎక్కాడు.

ఆసామి చెప్పినట్టే ఊళ్ళన్నీ మమ్మల్ని పిలిచాయి. అందరూ సినిమా లెక్కన ఆడమన్నారు, 'చాలు దేవీ' మాత్రం తప్పకుండా ఉండాలన్నారు. మాస్టారు కబురు పంపితే రాజు రానన్నాడు. మాస్టారు స్వయంగా పొందూరు వెళ్ళి మగ్గం పక్కన సాయంత్రం దాకా కూర్చుని వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. తర్వాత ఇంకో రాజు వచ్చాడు. మంచి గొంతే. ప్రతి ఊళ్ళో నేను మరొక్కసారి అని అడిగేదాన్ని, అతను చాలు దేవీ అనేవాడు, జనం చప్పట్లు కొట్టేవారు. దానితోనే ఇంకొన్నాళ్ళు నా పొయ్యి వెలిగింది.

ఇక మీ ప్రశ్న. ఆ సినిమా మంచిదే. ముఖం ఎటు పెట్టి నిలబడాలో నాకు నేర్పింది అదే. మీ ఫోనులో ఎన్నిసార్లు వేసుకున్నా ఆ రాణి ముక్కుపుడక పక్కనే ఏడుస్తుంది, ఎవరూ ఎవర్నీ కసరనక్కర్లేదు. మా రాజు మళ్ళీ ఎక్కడా పాడలేదు. అన్నేళ్ళు ఆయన పక్కన నిలబడిన దాన్ని, ఆ పద్యం నేను విన్నది ఒక్కసారే. అదీ రాగం లేకుండా.